ఆగని నొప్పి, మండే నరం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు నొప్పి గురించే. నాలుగు రోజులుండి పోయే నొప్పి కాదు, నెలలు, ఏళ్ల తరబడి వదలని నొప్పి. ఏ ఉత్తరం చూసినా పైకి అడిగిన ప్రశ్న ఒకటి, లోపల అడగలేకపోయింది ఇంకొకటి: నా నొప్పిని ఎవరైనా నమ్ముతారా అని. నేను నమ్ముతున్నాను. ఆ నమ్మకంతోనే ఒక్కొక్కరికీ జవాబు రాస్తున్నా. పేర్లు వేయొద్దని కొందరు కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. రెండేళ్ల కిందట బరువు ఎత్తుతుంటే నడుము పట్టేసింది. అప్పటి నుంచి నొప్పి పోలేదు. రక్త పరీక్షలు, ఎక్స్‌రే, స్కాన్ అన్నీ నార్మల్. "నీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అన్నారు. ఇంట్లోవాళ్లు పని తప్పించుకోవడానికే అంటున్నారు. ఇదంతా నిజంగా నా మనసులోంచే వస్తోందా?

రిపోర్టులు నార్మల్ అంటే ఎముక విరగలేదు, గడ్డ లేదు, ఇన్ఫెక్షన్ లేదు అని అర్థం. అది మంచి వార్తే. నొప్పి లేదని మాత్రం ఆ కాగితం చెప్పదు, చెప్పలేదు కూడా, ఎందుకంటే ఎవరికి ఎంత నొప్పి ఉందో కొలిచి చూపించే స్కాన్ ఏ ఆసుపత్రిలోనూ లేదు.

నొప్పి నడుములో ఉందనుకుంటాం. నడుము నుంచి బయల్దేరేది కబురు మాత్రమే. అది వెన్నుపాము దగ్గర ఆగి, అక్కడ పెరిగో తగ్గో మెదడుకు చేరాక, మెదడు మిగతా పరిస్థితులన్నీ కలిపి చూసుకుని దాన్ని నొప్పిగా తేలుస్తుంది. వెన్నుపాములో ఈ కబుర్లను ఆపే, వదిలే గేటు ఒకటి ఉందని మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించారు. మోకాలు గుమ్మానికి కొట్టుకుంటే వెంటనే రుద్దుకుంటాం కదా, రుద్దితే కాస్త ఉపశమనం రావడానికి కారణం ఇదే: స్పర్శ కబురు వెళ్లి నొప్పి కబురుకు దారి ఇరుకు చేస్తుంది. పై నుంచి మెదడు కూడా ఆ గేటును తెరవగలదు, మూయగలదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో పనిచేసిన బీచర్ అనే అమెరికన్ డాక్టర్, పెద్ద పెద్ద గాయాలతో వచ్చిన సైనికుల్లో చాలామంది నొప్పి మందు అక్కర్లేదనడం చూసి ఆశ్చర్యపోయి 1946లో ఆ సంగతి రాశాడు. గాయం ఎంతో నొప్పి అంతే ఉండాలన్న లెక్క ఒంట్లో ఎక్కడా లేదు. దీన్ని తిప్పి చూడండి, గాయం మానిపోయినా నొప్పి మిగలొచ్చు.

మీకు జరిగింది చాలావరకు అదే అయి ఉంటుంది. నెలల తరబడి అవే కబుర్లు వెళ్తుంటే వెన్నుపాములోని నరకణాలు మరీ సున్నితంగా తయారవుతాయి, అప్పుడు మామూలుగా వంగడం, కాసేపు కూర్చోవడం కూడా నొప్పిగానే అందుతుంది. ఇది ఊహ కాదు, నటన అంతకన్నా కాదు. 3 నెలలు దాటిన నొప్పిని దానికదే ఒక ఆరోగ్య సమస్యగా చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒప్పుకుంది. 2022 నుంచి అమల్లో ఉన్న వ్యాధుల పట్టికలో దానికి విడిగా చోటు ఇచ్చింది. మీ ఇంట్లోవాళ్లకు ఈ పేరా చదివి వినిపించండి.

మరి టెన్షన్ సంగతి? నిద్ర లేకపోవడం, భయం, ఎవరూ నమ్మడం లేదన్న బాధ, ఇవన్నీ ఆ గేటును తెరిచి పెడతాయి, నొప్పి పెరుగుతుంది. అంతేగాని నొప్పి మీ మనసు కల్పించింది కాదు. అందుకే మందుల కంటే ఎక్కువగా ఉపయోగపడేవి, కదిలితే ఇంకేదో విరిగిపోతుందన్న భయం పోగొట్టుకుని మెల్లగా కదలిక పెంచడం, నిద్ర సరిచేసుకోవడం, దొరికితే దీర్ఘకాలిక నొప్పి తెలిసిన సైకాలజిస్ట్‌తో కొన్నాళ్లు మాట్లాడటం. సైకాలజిస్ట్ అనగానే "చూశావా, మనసుదే" అనేవాళ్లు ఉంటారు. వాళ్ల మాట పట్టించుకోకండి.

ఒక్క విషయం మాత్రం మీరే గమనించుకోవాలి. పొద్దున లేవగానే అరగంటకు మించి నడుము బిగుసుకుపోయి, తిరుగుతుంటే సర్దుకుని, పడుకుంటే మళ్లీ పెరుగుతోందా? తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తోందా? అలా అయితే రుమటాలజిస్ట్‌కు, అంటే కీళ్లవాతం డాక్టర్‌కు చూపించండి. అది కీళ్లవాతం జాతికి చెందిన నడుము నొప్పి కావచ్చు, మొదట్లో ఎక్స్‌రేలో కనపడదు, దానికి వైద్యం పూర్తిగా వేరు.

ప్రశ్న: నాన్నగారికి 62 ఏళ్లు, చాలాకాలంగా షుగర్ ఉంది. రాత్రి పడుకుంటే అరికాళ్లు భగ్గుమని మండుతున్నాయంటారు, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేరు. విచిత్రం ఏమిటంటే పగలు చెప్పు కాల్లోంచి జారిపోయినా ఆయనకు తెలియదు. వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుంటే హాయిగా ఉందంటున్నారు. రోజూ షాపులో కొన్న పెయిన్ కిల్లర్ వేసుకుంటున్నారు. ఏం చేయమంటారు?

వేడినీళ్లు ఈ రోజే మాన్పించండి. చెప్పు జారినా తెలియని పాదానికి నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో కూడా తెలియదు. కాలి బొబ్బలెక్కాక, అవి పుండ్లయ్యాక చూసుకుంటే షుగర్ ఉన్నవాళ్లకు అది కాలు పోయేదాకా వెళ్లొచ్చు. హీటింగ్ ప్యాడ్, వేడినీళ్ల సంచీ కూడా వద్దు.

ఒకే కాలికి మొద్దుబారడం, మంట రెండూ ఎలా ఉంటాయని మీకు అనుమానం వచ్చింది కదా. తలుపు దగ్గర ఎవరూ ఉండరు, గోడలో తీగ ఒరిసిపోయి కాలింగ్ బెల్ దానంతటదే మోగుతూ ఉంటుంది, నిజంగా ఎవరో వచ్చి నొక్కినప్పుడు మోగదు. దెబ్బతిన్న నరం కూడా అంతే. బయట ఏమీ జరగకుండానే మంట, సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు, కరెంటు కొట్టినట్టు కబుర్లు పంపుతుంది. నిజంగా ముల్లు గుచ్చుకుంటే పంపదు. ఒంట్లో అన్నిటికంటే పొడవైన నరాలు పాదాలకు వెళ్లేవే కాబట్టి షుగర్ దెబ్బ ముందు వేళ్లకు తగిలి, మేజోడు తొడిగినంత మేర మెల్లగా పైకి పాకుతుంది.

ఇక ఆ పెయిన్ కిల్లర్. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వాపు మీద పనిచేస్తాయి. ఇక్కడ వాపు లేదు, పాడైంది నరం. కాబట్టి ఆయనకు వాటితో ఒరిగేది చాలా తక్కువ, పోయేది మాత్రం కిడ్నీలు, కడుపు. షుగర్ ఇప్పటికే కిడ్నీల మీద భారం వేసి ఉంటుంది, దాని మీద రోజూ ఈ మాత్ర. క్రియాటినిన్ పరీక్ష, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించండి.

నరాల నొప్పికి పనికొచ్చే మందులు వేరే ఉన్నాయి: డ్యూలోక్సెటిన్, ప్రెగాబలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్. వీటిలో ఏది అనేది ఆయన కిడ్నీలు, గుండె, కళ్లు, ప్రోస్టేట్ చూసి డాక్టర్ నిర్ణయించాలి. ప్రెగాబలిన్, గాబాపెంటిన్ కిడ్నీల ద్వారానే బయటికి పోతాయి, కిడ్నీ బలహీనంగా ఉంటే డోసు తగ్గించాల్సిందే. కొత్తలో తూలుడు, మత్తు ఉంటాయి. రాత్రి బాత్రూమ్‌కు లేచినప్పుడు పడిపోకుండా లైటు వేసి ఉంచండి. మిరపలో కారం పుట్టించే క్యాప్సైసిన్‌తో చేసిన పూత మందు కూడా కొందరికి పనిచేస్తుంది. వేడిని పసిగట్టే నరాల గ్రాహకమే కారానికీ స్పందిస్తుందని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది (ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి). ఆ గ్రాహకాన్ని పదే పదే రెచ్చగొట్టి అలసిపోయేలా చేయడమే ఈ పూత చేసే పని. పగిలిన చర్మం మీద మాత్రం రాయకూడదు, రాసిన చేతులు కళ్లకు తగలకూడదు.

విటమిన్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. నాన్నగారు మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్లుగా వాడుతుంటే బి12 తగ్గి ఉండొచ్చు, అది తగ్గినా అచ్చం ఇవే తిమ్మిర్లు, మంటలు వస్తాయి. రక్త పరీక్షలో తెలిసిపోతుంది, తక్కువుంటే ఇంజెక్షన్లతోనో మాత్రలతోనో సరిచేయొచ్చు. అయితే "నరాలకు బలం" అని ఎవరో చెప్పారని బి6 ఎక్కువ డోసులో ఉన్న మాత్రలు నెలల కొద్దీ మింగితే ఆ బి6 వల్లే నరాలు దెబ్బతింటాయి. సీసా మీద పైరిడాక్సిన్ (బి6 అసలు పేరు) ఎంత అని రాసి ఉందో చూసి డాక్టర్‌కు చెప్పండి.

షుగర్ అదుపులో పెట్టాలి, ఉన్నపళంగా దించేయాలని కాదు. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) చాలా ఎక్కువ ఉన్నవాళ్లలో అది మూడు నెలల్లోనే 2 పాయింట్లకు మించి పడిపోతే నరాల మంట కొత్తగా రావచ్చు, ఉన్నది పెరగొచ్చు. మెల్లగా, స్థిరంగా తగ్గనివ్వండి.

రోజూ రాత్రి మీరే ఆయన పాదాలు చూడండి. అరికాలు, మడమ, ముఖ్యంగా వేళ్ల సందులు. ఎర్రబడిందా, పగిలిందా, ఎక్కడైనా గట్టిపడి కాయ కాసిందా. చెప్పులు, బూట్లు వేసుకునే ముందు చెయ్యి లోపలికి పెట్టి రాయి ఏదైనా ఉందేమో తడిమి చూడాలి. ఇంట్లో కూడా ఉత్త కాళ్లతో తిరగనివ్వొద్దు. ఏడాదికోసారి డాక్టర్ సన్నటి నైలాన్ దారంతో అరికాలి మీద అక్కడక్కడా తాకించి స్పర్శ చూసే పరీక్ష ఉంటుంది. నిమిషాల పని, అడిగి మరీ చేయించండి.

ప్రశ్న: హెర్నియా ఆపరేషన్ అయి ఏడు నెలలైంది. కుట్టు మానింది గానీ ఆ చుట్టూ మంట, బట్ట తగిలితే జివ్వుమంటుంది. డాక్టర్ అమిట్రిప్టిలిన్ రాశారు. చూస్తే అది డిప్రెషన్ మందట! నేను డిప్రెషన్‌లో లేను సార్. నాలుగు రోజులు వేసుకున్నా, తగ్గలేదు సరికదా పగలంతా మత్తు. ఆపేశాను.

మీ కోపం అర్థమైంది. రాసిచ్చేటప్పుడు డాక్టర్ ఒక్క నిమిషం వివరించి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

అమిట్రిప్టిలిన్ 1961లో డిప్రెషన్ మందుగానే మార్కెట్లోకి వచ్చింది. తర్వాత అది డిప్రెషన్ లేనివాళ్లకు కూడా నరాల నొప్పి తగ్గిస్తోందని తేలింది. మెదడు నుంచి వెన్నుపాముకు దిగి నొప్పి కబుర్లను అణిచే దారి ఒకటుంది, ఆ దారిలో పనిచేసే రసాయనాలను ఈ మందు పెంచుతుంది. డిప్రెషన్‌కు వాడే డోసు దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. మీకు రాసింది 10 లేదా 25 మిల్లీగ్రాములు అయి ఉంటుంది, చీటీ చూసుకోండి. ఆపరేషన్‌లో చర్మానికి వెళ్లే సన్నటి నరాలు తెగడం, కుట్టులో నలగడం అరుదేమీ కాదు, మీరు చెప్పిన "బట్ట తగిలితే జివ్వుమనడం" నరం నొప్పికి బాగా తెలిసిన గుర్తు.

నాలుగు రోజుల్లో దీని గుణం తెలియదు. మత్తు మొదటి రోజే వస్తుంది, ఉపశమనానికి రెండు మూడు వారాలైనా పడుతుంది, చాలామంది ఈ మధ్యలోనే ఆపేస్తారు. పడుకునే ముందు కాకుండా రెండు గంటలు ముందుగా వేసుకుంటే పొద్దున మత్తు తగ్గుతుంది, వారం పది రోజుల్లో ఒళ్లు అలవాటు పడుతుంది. నోరు ఎండిపోవడం, మలబద్ధకం ఉంటాయి. గుండె జబ్బు, గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), మూత్రం సరిగా రాకపోవడం ఉంటే మళ్లీ మొదలుపెట్టే ముందే డాక్టర్‌కు చెప్పాలి. ట్రమడాల్ అనే నొప్పి మాత్రలు వేసుకుంటుంటే అది కూడా దాచొద్దు, ఈ రెండూ కలిస్తే ప్రమాదం ఉంది.

ఎంత తగ్గుతుందో కూడా ముందే తెలుసుకోండి. పరిశోధనల్లో తేలిన లెక్క ఇది: ఈ జాతి మందు నలుగురికి ఇస్తే, మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చినదాని కంటే అదనంగా ఒకరికి నొప్పి సగానికి తగ్గుతుంది. ప్రెగాబలిన్, గాబాపెంటిన్ అయితే ఏడెనిమిది మందికి ఒకరు. వినడానికి తక్కువగా ఉంటుంది, నాకూ తక్కువే అనిపిస్తుంది, కానీ నరాల నొప్పికి ఇంతకంటే గొప్ప మాత్ర ఇప్పటికి లేదు. కాబట్టి ఒకటి సరిపడా డోసులో, సరిపడా వారాలు వాడి చూసి, పనిచేయకపోతే ఇంకొకటి. నొప్పి పదికి 8 నుంచి 4కు దిగి రాత్రి నిద్ర పడితే ఆ మందు పనిచేసినట్టే. మీ నొప్పి ఒకే చోట ఉంది కాబట్టి లిడోకెయిన్ ప్యాచ్ గురించి కూడా అడగండి, చర్మం మీద అంటించుకునేది, మత్తు ఉండదు. మచ్చ దగ్గర నరానికి ఇంజెక్షన్ కూడా ఒక దారి.

వారాల తరబడి వాడాక మాత్రం ఇలాంటి మందులేవీ మీ అంతట మీరు టక్కున ఆపకండి. మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

ప్రశ్న: కుడి దవడలో కత్తితో పొడిచినట్టు నొప్పి. కొన్ని సెకన్లే, ప్రాణం పోతుంది. బ్రష్ చేస్తే, మొహానికి గాలి తగిలితే వస్తుంది. పంటి నొప్పేమోనని రెండు పళ్లు తీయించుకున్నా, తగ్గలేదు. మూడోది కూడా తీయమంటారా?

ఆగండి. ఇంకో పన్ను ముట్టుకోనివ్వకండి. మీరు చెప్పినవన్నీ ట్రైజెమినల్ న్యూరాల్జియా వైపే చూపిస్తున్నాయి, మొహానికి వెళ్లే నరం నొప్పి అది. ఒక పక్కనే రావడం, కరెంటు కొట్టినట్టు సెకన్లలో వచ్చి పోవడం, బ్రష్, గాలి, మాట్లాడటం, నమలడం లాంటి చిన్న తాకిడికే రేగడం దాని లక్షణాలు. ఈ నరానికి రక్తనాళం ఒరుసుకుంటూ ఉండటం చాలామందిలో కారణం.

వెంటనే న్యూరాలజిస్ట్‌ను కలవండి. మొదట వాడే మందు కార్బమజెపిన్, చాలామందికి కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. మందు మొదలుపెట్టాక ఒంటి మీద దద్దుర్లు వచ్చినా, నోట్లో పుండ్లు, జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. అరుదైనా ప్రాణం మీదికి తెచ్చే రియాక్షన్ అది. ఎంఆర్ఐ కూడా తీస్తారు. మందులు పనిచేయని దశ వస్తే రక్తనాళాన్ని నరం నుంచి పక్కకు జరిపే ఆపరేషన్ ఉంది, దాంతో ఏళ్ల తరబడి హాయిగా ఉన్నవాళ్లు ఉన్నారు.

ప్రశ్న: నడుము నుంచి పిక్క దాకా లాగుతోంది, అయిదు వారాలైంది. ఎంఆర్ఐలో డిస్క్ బల్జ్ అని, అరుగుదల అని రాశారు. అది చదివినప్పటి నుంచి భయంతో మంచం దిగడం లేదు. వయసు 51. ఆపరేషన్ తప్పదా?

ముందు మంచం దిగండి. 2015లో వచ్చిన ఒక సమీక్షలో, నడుము నొప్పి అన్నదే లేని 3,110 మంది స్కాన్లను పరిశీలించారు. 20 ఏళ్లవాళ్లలో నూటికి 30 మందికి, 50 ఏళ్లవాళ్లలో 60 మందికి, 80 ఏళ్లవాళ్లలో 84 మందికి డిస్క్ బల్జ్, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త కాస్త ఉబ్బడం, కనిపించింది. మళ్లీ చెప్తున్నా, వీళ్లెవరికీ నొప్పి లేదు. రిపోర్టులో రాసే ఆ మాటలు చాలావరకు తల నెరవడం లాంటి వయసు మార్పులే, అవి చదివి మనిషి మంచాన పడటం నాకు చాలా బాధనిపిస్తుంది.

పిక్క దాకా లాగుతోంది కాబట్టి నరం ఒరుసుకుంటూ ఉండొచ్చు. నడుము నుంచి కాలిలోకి పాకే ఈ నరం నొప్పినే సయాటికా అంటారు. అయినా ఇది ఎక్కువమందికి రెండు మూడు నెలల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుముఖం పడుతుంది, బయటికి పొడుచుకొచ్చిన డిస్క్ ముక్కను ఒళ్లే మెల్లగా కరిగించుకుంటుంది. తిరగగలిగినంత తిరగండి, ఒకేచోట ఎక్కువసేపు కూర్చోకండి, ఫిజియోథెరపిస్ట్‌ను కలవండి.

అయితే ఇవి కనిపిస్తే వారాలు కాదు, గంటలు కూడా ఆగకూడదు: మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, విరేచనం మీద అదుపు తప్పడం, మర్మాంగాల చుట్టూ, మలద్వారం దగ్గర స్పర్శ పోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. పాదం పైకి లేవకుండా వేలాడుతున్నా అదే రోజు చూపించాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చి ఉండటం కూడా డాక్టర్‌కు తప్పక చెప్పాలి.

ప్రశ్న: ప్రమాదంలో మోకాలి కింద కాలు తీసేశారు. లేని కాలి బొటనవేలు మెలితిప్పినట్టు నొప్పి పెడుతోంది. ఎవరికైనా చెప్తే పిచ్చి అనుకుంటారేమోనని చెప్పలేదు.

నాకు చెప్పారు, చాలా మంచిపని చేశారు. కాలో చెయ్యో పోయినవాళ్లలో ఎక్కువమందికి ఇది ఉంటుంది. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులకు వైద్యం చేసిన వియర్ మిచెల్ 1871లోనే దీనికి ఫాంటమ్ లింబ్ అని పేరు పెట్టాడు. కాలు పోయినా మెదడులో ఆ కాలికి కేటాయించిన చోటు పోదు, తెగిన నరాల చివరలు కూడా కబుర్లు పంపుతూనే ఉంటాయి.

పైన చెప్పిన నరాల మందులతో పాటు అద్దం సాధన ఒకటి ఉంది. 1990లలో రామచంద్రన్ అనే న్యూరో శాస్త్రవేత్త వాడుకలోకి తెచ్చారు. రెండు కాళ్ల మధ్య నిలువుగా అద్దం పెట్టుకుని, ఉన్న కాలి ప్రతిబింబం లేని కాలి చోట కనపడేలా కూర్చుని, ఉన్న కాలి వేళ్లను మెల్లగా విప్పుతూ అద్దంలోకే చూడాలి. మెలితిరిగిన వేలు విచ్చుకున్నట్టు కళ్లకు కనిపిస్తుంది. కొందరికి వారాల్లో నొప్పి బాగా తగ్గుతుంది, అందరికీ కాదు. మొదటిసారి ఏడుపు వచ్చేస్తుంది చాలామందికి, పక్కన ఫిజియోథెరపిస్ట్ ఉంటే మంచిది. కోసిన చోట ఒకే బిందువు దగ్గర నొక్కితే నొప్పి రేగుతుంటే అది వేరే సంగతి, అక్కడ నరం ముడిపడి ఉండొచ్చు, సర్జన్‌కు చూపించండి.

ప్రశ్న: ఒళ్లంతా నొప్పులు, ఫైబ్రోమయాల్జియా అన్నారు. ఒంట్లో బాగున్న రోజు పెండింగ్ పనులన్నీ చేసేస్తాను, తర్వాత మూడు రోజులు లేవలేను. వ్యాయామం చేయమంటారు, చేస్తే పడిపోతున్నా.

ఈ తిప్పలు పడని దీర్ఘకాలిక నొప్పి మనిషి ఉండరేమో. బాగున్న రోజు విరగబడి చేయడం, ఓపిక లేని రోజు పూర్తిగా పడుకోవడం, ఈ రెండూ కలిసి నెల నెలా మీ శక్తిని తగ్గించుకుంటూ పోతాయి.

పనిని నొప్పిని బట్టి కాకుండా గడియారాన్ని బట్టి ఆపడం నేర్చుకోవాలి. ఎలాగో చూపిస్తా. నిలబడి చేసే పని తీసుకోండి. ఒక మంచి రోజు, ఒక మామూలు రోజు, ఒక చెడ్డ రోజు, నొప్పి పెరగడం మొదలయ్యేదాకా ఎన్ని నిమిషాలు నిలబడగలిగారో రాసుకోండి. 25, 20, 15 వచ్చాయనుకుందాం. సగటు 20. అందులో అయిదో వంతు తీసేస్తే 16. మొబైల్‌లో 16 నిమిషాలకు అలారం పెట్టుకోండి. మోగగానే, ఒంట్లో ఎంత బాగున్నా సరే, కూర్చోవాలి. అయిదు నిమిషాలయ్యాక మళ్లీ. చెడ్డ రోజున కూడా వీలైనంతవరకు ఆ 16 చేయాలి. రెండు వారాలు ఇబ్బంది లేకుండా గడిచాక ఒకటి రెండు నిమిషాలు పెంచండి. నడకకూ ఇదే లెక్క. "బాగానే ఉన్నా కదా, ఇంకో పది నిమిషాలు చేసేస్తే అయిపోతుంది" అని మనసు పీకుతుంది చూడండి, కష్టమంతా అక్కడే, మంచి రోజున ఆగడం చెడ్డ రోజున లేవడం కంటే కష్టం.

వ్యాయామంతో నొప్పి కాస్త పెరిగి మర్నాటికి సర్దుకుంటే భయం లేదు, మర్నాడు కూడా లేవలేకపోతే డోసు ఎక్కువైందని అర్థం, మానేయకుండా తగ్గించండి.

ప్రశ్న: అమ్మకు 70 ఏళ్లు. ఛాతీ ఒక పక్క సర్పి వచ్చి ఎండిపోయింది, నాలుగు నెలలైనా అక్కడ మంట పోలేదు. మళ్లీ వస్తుందా?

చిన్నప్పుడు ఆటలమ్మగా వచ్చిన వైరసే నరంలో దాక్కుని వయసు పైబడ్డాక సర్పిగా లేస్తుంది. పొక్కులు పోయి మూడు నెలలు దాటినా మంట ఉంటే నరం దెబ్బతిందని లెక్క. గాబాపెంటిన్, ప్రెగాబలిన్, నార్ట్రిప్టిలిన్ లాంటివి వాడతారు, ఆవిడ వయసుకు చాలా చిన్న డోసుతో మొదలుపెట్టాలి. మానిన చర్మం మీద లిడోకెయిన్ ప్యాచ్ ఆవిడకు బాగా నప్పొచ్చు, 12 గంటలు ఉంచి 12 గంటలు తీసేయాలి. మెత్తటి నూలు బట్టలు వేయండి. సర్పి మళ్లీ రావడం ఉంది, 50 దాటినవాళ్లకు రెండు డోసుల టీకా ఉంది, అది ఆవిడకూ వేయించొచ్చు. ఇంట్లో ఇంకెవరికైనా ఒక పక్కనే పొక్కులు వరసగా లేస్తే 72 గంటల లోపు వైరస్ మందు మొదలుపెట్టించండి. కన్ను దగ్గర లేస్తే అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి.

ప్రశ్న: డాక్టర్ దగ్గర కూర్చోగానే నోట మాట రాదు. "నొప్పండీ" అంటాను, మాత్ర రాసేస్తారు. ఏం చెప్పాలి?

ఒక కాగితం మీద రాసుకెళ్లండి. ఎక్కడ మొదలై ఎక్కడికి పాకుతుంది, మంటా, లాగుడా, పోటా, షాకా, మొద్దుబారడం ఉందా, ఎప్పుడు ఎక్కువ, ఏం చేస్తే రేగుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది, ఇప్పటిదాకా ఏ మందు ఎంత డోసు ఎన్నాళ్లు వాడారు, ఎందుకు ఆపారు. నొప్పి పదికి ఎంత అనేది ఒక్కటే చెప్తే సరిపోదు, దాని వల్ల ఏ పని ఆగిపోయిందో చెప్పాలి. ఉదాహరణకు ఇలా:

"ఎడమ అరచేయి, మొదటి మూడు వేళ్లు. తిమ్మిరి, సూదులు. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నా, గ్లాసు రెండుసార్లు జారిపోయింది. పారాసెటమాల్ నెల వాడా, గుణం లేదు. థైరాయిడ్ ఉంది."

ఈ ఆరు వాక్యాలు చదివిన డాక్టర్‌కు మణికట్టులో నరం నలుగుతోందేమోనన్న అనుమానం వెంటనే వస్తుంది. ఏ పరీక్ష చేయించాలో, రాత్రి మణికట్టుకు పట్టీ వేయాలో వద్దో అక్కడికక్కడే తేలుతుంది. లేచి వచ్చేముందు మీరు అడగాల్సినవి: దీని పేరేమిటి, ఈ మందు ఎన్ని వారాలకు పనిచేస్తుంది, పనిచేయకపోతే తర్వాత ఏమిటి, ఏం కనిపిస్తే వెంటనే రావాలి. జవాబులు అదే కాగితం వెనక రాసుకోండి.